ఎర్రగడ్డ పొరలోని సంసారము

వంటయింట ఎర్రగడ్డ తరుగునపుడు కన్నీరు పెట్టనివారు అరుదు. ఏ దుఃఖమును లేకయే కన్నులు చెమర్చును. గడ్డ చెక్కుచెదరక బుట్టలో నున్నంతకాలము దాని ప్రక్కన ఎంతసేపు కూర్చున్నను కంటికి బాధ లేదు. కత్తి దిగిన వెంటనే ఘాటు పుట్టును. ఆ ఘాటు అంతకుముందు గడ్డలో ఎచ్చట దాగియుండెను? ఎచ్చటను దాగియుండలేదు. కత్తి పడకపూర్వము ఆ ఘాటు లేనే లేదు. కత్తి పడిన పిదపనే అది పుట్టినది. ఇది యెట్లు సంభవించెనో తెలియవలెనన్న, ఎర్రగడ్డ పొరలోని చిన్న గదులలో జరుగు సంసారమును మనము చూడవలెను.

బాలలారా! కర్నూలు ప్రాంతమున ఎర్రగడ్డకు కొదువ లేదు. కొదువ యున్నది నీటికే. కర్నూలు, కడప సీమలలో ఏడాదికి కురియు వాన 600, 700 మిల్లీమీటర్ల ప్రాంతము. అదియు వేళకు రాదు, వచ్చినను నిలువదు. కావున మొక్క నీటి నెట్లు నిలుపుకొనునో, ఎట్లు పోగొట్టుకొనునో తెలిసికొనుట ఈ సీమ విద్యార్థికి కేవలము పుస్తకవిద్య కాదు. అది ఇంటికి పనికివచ్చు విద్య.

నేను పాఠము చెప్పుచుండిన దినములలో ఒక రైతుబిడ్డ అడిగిన ప్రశ్న నాకిప్పటికిని జ్ఞాపకమున్నది. "అయ్యవారూ! మా చేనిలో బుడ్డచెట్లు మధ్యాహ్నము వాడి, సాయంకాలమునకు తేరుకొనుచుండెను. కొన్ని దినము లట్లే జరిగినది. తరువాత నొకనాడు వాడినవి మరల తేరుకొనలేదు. మా నాయన బిందెలతో నీరు మోసి పోసినను లేవలేదు. నిన్నటివరకు లేచిన చెట్టు నేడేల లేవదు?" అని వాడడిగెను. వేరుసెనగనే మన సీమలో బుడ్డలందురు. వాని కన్నులలో నీరు నిలిచియుండెను. ఆ నీరు ఎర్రగడ్డవలన వచ్చినది కాదు. నేను వెంటనే బదులు చెప్పలేదు. మఱునాడు ఒక ఎర్రగడ్డను, పాఠశాలలోని సూక్ష్మదర్శినిని తరగతికి తెప్పించితిని. వాని ప్రశ్నకు సమాధానము ఆ రెండింటిలో నుండెను.

కంటికి కనబడని ఈ గదులను మొదట వర్ణించినవాడు ఇంగ్లండు దేశీయుడగు రాబర్టు హుక్. సీసా మూతకు వాడు బెండును పలుచగా కోసి, సూక్ష్మదర్శినితో చూచి, అందు తేనెపట్టు గదులవంటి గదులున్నవని 1665వ సంవత్సరమున ప్రకటించిన 'మైక్రోగ్రాఫియా' అను గ్రంథమున వ్రాసెను. ఆ గదుల కాయన పెట్టిన పేరునకు లాటిను భాషలో చిన్న గది యని యర్థము. దానినే మనము కణ మనుచున్నాము. అయితే హుక్ చూచినవి మృతకణముల గోడలు మాత్రమే. అవి కాపురమున్నవారు వెడలిపోయిన ఇండ్లవంటివి. తరువాత కొలది యేండ్లకే హాలెండు దేశమున బట్టల వర్తకుడగు లీవెన్‌హుక్ తాను స్వయముగా అరుగదీసిన కటకములతో నీటిబొట్టులో కదలాడు సూక్ష్మజీవులను చూచెను. 1831లో రాబర్టు బ్రౌను మొక్కల కణములలో నొక గుండ్రని భాగమును గుర్తించి దానికి కేంద్రకమని పేరిడెను. మొక్కలు కణనిర్మితములని 1838లో ష్లైడన్, జంతువులును అట్టివే యని 1839లో ష్వాన్ చాటిరి. ప్రతి కణమును మఱియొక కణమునుండియే పుట్టునని 1855లో విర్కో అను జర్మను వైద్యుడు ప్రకటించెను. 1931లో ఎలక్ట్రాను సూక్ష్మదర్శిని వెలసిన పిదప, గదులనుకొన్నవాని లోపల ఇంకను చిన్న గదులు, అరలు, సంచులు కలవని తేలినది.

ఇక మన ఎర్రగడ్డను చూతము. గడ్డను నిలువుగా కోసి, కండగల రేకు నొకదానిని తీసి, దాని లోపలి వైపుననున్న పలుచని పొరను చిన్న పట్టకారుతో మెల్లగా ఊడదీయుడు. గాజుపలకపై నీటిబొట్టు నుంచి, ముడుత పడకుండ ఆ పొరను పరచుడు. ఒక బొట్టు పలుచని అయోడిను ద్రావణము వేసి, గాజుబిళ్ళతో కప్పి, సూక్ష్మదర్శినిక్రింద నుంచుడు. ఇటుకలు పేర్చిన గోడవంటి దృశ్యము కనబడును. ఆ ఇటుక ఒక్కొక్కటియే ఒక్కొక్క కణము. దాని పొడవు సుమారు మిల్లీమీటరులో నాలుగవవంతు. ప్రతి ఇటుకలో ఒక అంచునకు చేరి గోధుమవన్నెతో నొక చుక్క కనబడును. అదియే కేంద్రకము. మిగిలిన భాగము ఖాళీగా నున్నట్లు తోచును. అది ఖాళీ కాదని ముందు తెలియగలదు.

ఇటుకకు వెలుపలి గోడ కణకవచము. ఇది సెల్యులోజు అను నారపదార్థముతో నిర్మితమైనది. మన మొడలికి చుట్టుకొను నూలుబట్టయు సెల్యులోజే. ఈ గోడ మొక్కలకే గాని జంతుకణములకు లేదు. అందుచేతనే జంతుదేహము నిలుచుటకు ఎముకలు కావలసివచ్చెను. మొక్క కణములు తమ గోడలతోనే నిలిచినవి. గోడకు గోడకు నడుమ ఇటుకల నడిమి సున్నమువలె పెక్టిను అను జిగురుపదార్థ ముండును. ఆ జిగురునకు గట్టిదనము నిచ్చునది కాల్షియము.

ఇచట మీ చేనిలోని యొక పనిని జ్ఞప్తికి తెచ్చుకొనుడు. వేరుసెనగ పూచి ఊడలు దిగు తరుణమున రైతులు మొదళ్ళ దగ్గర జిప్సము వేయుదురు. జిప్సములో కాల్షియము కలదు. వేళ్ళు గ్రహించిన కాల్షియము నీటితోపాటు ఆకులకు పోవునే గాని, అచటినుండి మరల మట్టిలోని కాయకు దిగి రాదు. కాయ తనకు కావలసినదానిని తన చుట్టునున్న మట్టినుండి తానే గ్రహింపవలెను. అది చాలనిచో గింజ నిండదు; కాయ తాలుపోవును. చేని అనుభవమునకు, కణశాస్త్రమునకు ఇచ్చట పొత్తు కుదిరినది.

కణకవచమునకు లోపల ప్లాస్మాపొర యున్నది. ఇది మిల్లీమీటరులో లక్షవవంతుకంటె పలుచన. ఇంత పలుచనిదైనను కణమునకు కావలి యిదియే. నీరు దీనిగుండ రాకపోకలు సాగించును. ఉప్పు, చక్కెర మొదలగు పదార్థములు మాత్రము స్వేచ్ఛగా పోజాలవు. వానికి ప్రత్యేకమైన ద్వారములు, కావలివారు కలరు. పొరకు ఇరుప్రక్కల నున్న ద్రావణములలో ఏది చిక్కనో ఆ వైపునకు నీరు పోవును. దీనినే ద్రవాభిసరణ మందురు.

పేరు క్రొత్తగా నున్నను ఈ పని మీకు క్రొత్తది కాదు. ఊరగాయ పెట్టునపుడు అవ్వ మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో నుంచును. మఱునాటికి ముక్కలచుట్టు నీ రూరి యుండును. ఆ నీరు ఎవరు పోసిరి? ఎవరును పోయలేదు. వెలుపలి ఉప్పు లోపలి నీటిని పొరగుండ లాగినది. అందుకే ముక్క ముడుచుకొన్నది. ఎర్రగడ్డ పొరపై ఉప్పునీటి బొట్టు వేసి చూచినను కణములోని పదార్థ మంతయు ముద్దవలె ముడుచుకొని గోడను వీడుట కనబడును. ఎక్కువసేపు జరుగకుండ మంచినీరు పోసితిమా, ముద్ద మరల ఉబ్బి గోడను తాకును. ఆలస్యమైనచో తాకదు. ఈ చివరి మాటను మఱవకుడు.

ప్లాస్మాపొరకు లోపల నున్న చిక్కని పదార్థము కణద్రవ్యము. కణాంగములన్నియు దీనియందే యుండును. దాని నడుమ, ఎదిగిన మొక్క కణమున అధికభాగ మాక్రమించునది రిక్తిక. రిక్త మనగా శూన్యము. కాని యీ పేరు దానికి పొసగదు. అది నీటితోను, నీటిలో కరగిన లవణములతోను, చక్కెరలతోను, ఆమ్లములతోను నిండిన సంచి. సైకిలు టైరులో గాలి నిండిన ట్యూబు ఎట్లు బిగువు నిచ్చునో, కణకవచములో నీరు నిండిన రిక్తిక అట్లు బిగువు నిచ్చును. పచ్చని ఆకులో ఈ యొత్తిడి తరచుగా మోటారుబండి చక్రములోని గాలి యొత్తిడినే మించియుండును. కొయ్యగట్టిదనము లేని లేతమొక్క నిటారుగా నిలుచుట ఈ నీటిబిగువు చేతనే.

ఇప్పుడు ఆ రైతుబిడ్డ ప్రశ్నకు బదులు చెప్పవచ్చును. మధ్యాహ్నము ఎండ మండునపుడు ఆకులనుండి నీరు ఆవిరియై పోవు వేగమును వేళ్ళు అందుకొనలేవు. రిక్తికలలోని నీరు తరుగును, ట్యూబులో గాలి తీసినట్లు కణము వదులగును, ఆకు వ్రాలును. సాయంకాలమున ఎండ తగ్గగానే మట్టిలో మిగిలిన తేమను వేళ్ళు పీల్చి రిక్తికలను నింపును, ఆకు లేచును. ఇది వాడుటయే గాని చచ్చుట కాదు. అయితే నానాటికి మట్టిలోని తేమ అడుగంటును. వేళ్ళకు అందునది లేకపోవును. కణము ఇంకను నీరు కోల్పోవగా పొరలు చితికి చిల్లులు పడును. లోపల నుండవలసినది వెలుపలికి కారును. వేర్వేరు అరలలో నుండవలసినవి కలగలిసిపోవును. ఆ పిమ్మట ఎన్ని బిందెలు పోసినను నీరు నిలుచుటకు సంచి లేదు. నీరు చాలక కాదు, పొర నిలువక ఆ చెట్టు లేవలేదు.

ఈ మాట చెప్పినపుడు ఆ బాలుడు, "అయితే మా నాయన నీరు పోసిన దినము ఆలస్యమైనది, అంతే గదా!" అనెను. అంతే. తండ్రి చేసిన శ్రమలో లోపము లేదు. కణమున కొక గడువు కలదు. చేని కుంటలో నాలుగు బిందెల నీరు నిలువజేసి, గడువు దాటకమునుపే ఒక తడి యిచ్చిన రైతు పైరును దక్కించుకొనును.

కరవునకు వెఱవని మొక్కలును మన గుట్టలమీద కలవు. నాగజెముడును చూడుడు. ఆకులపై కనబడని చిన్న నోళ్ళవంటి పత్రరంధ్రములగుండ మొక్కలు గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించును. ఆ నోరు తెరచినప్పుడెల్ల నీరును ఆవిరియై పోవుచుండును. తక్కిన మొక్కలలో పెక్కు వానిని పగలు తెరచును. నాగజెముడు తన కాండముపైనున్న రంధ్రములను చల్లని రాత్రివేళ తెరచి, వాయువును గ్రహించి, దానిని ఆమ్లముగా మార్చి రిక్తికలలో దాచును. పగలు నోరు మూసికొని, దాచినదానిని వాడుకొని ఆహారము సిద్ధపఱచుకొనును. ఏది యెప్పుడు ఎచ్చట దాచవలెనో తెలిసిన పొదుపరి గృహిణి అది.

ఆ ఆహారము సిద్ధమగు వంటశాల పేరు హరితరేణువు. దీనిలో పత్రహరిత మను ఆకుపచ్చని పదార్థము కలదు. సూర్యకాంతిని పట్టి, నీటిని బొగ్గుపులుసు వాయువును కలిపి చక్కెరగా మార్చి, ప్రాణవాయువును విడుచునది యిదియే. భూమిలోని ఎర్రగడ్డ పొరలో హరితరేణువులు కానరావు. వెలుగు చేరనిచోట వానికి పని లేదు. దాని ఆకుపచ్చని కాడలో మాత్రము నిండుగా కలవు. కాడలో వండినది గడ్డలో దాచబడును.

ఇంటి పెద్ద కేంద్రకము. దీనిలో క్రోమోజోములు కలవు. వానిలోని డి.ఎన్.ఏ. అను పొడవైన దారముపై, ఆ జీవి యెట్లు నిర్మింపబడవలెనో తెలుపు ఆజ్ఞలు వ్రాయబడియున్నవి. మనుష్యుని ఒక్క కణములోని ఈ దారములను సాగదీసి కలిపినచో సుమారు 2 మీటర్లుండును. మనుష్యునికి 46, వేరుసెనగకు 40, ఎర్రగడ్డకు 16 క్రోమోజోములు. ఎర్రగడ్డకు తక్కువ యని నవ్వకుడు. దాని డి.ఎన్.ఏ. మొత్తము మనదానికి సుమారు అయిదు రెట్లు. గొప్పతనము లెక్కలో లేదని ప్రకృతి యిచట మనకు చెప్పుచున్నది.

పెద్ద ఆజ్ఞ యిచ్చిన చాలదు, చేయువారు కావలెను. కేంద్రకమునుండి వచ్చిన ఆజ్ఞాపత్రమును చదివి మాంసకృత్తులను అల్లునవి రైబోజోములు. ఇవి సాధారణ సూక్ష్మదర్శినికి కనబడనంత చిన్నవి. వీనిలో కొన్ని అంతర్జీవద్రవ్యజాల మను పొరల కాలువలను అంటిపెట్టుకొని యుండును. సుంకేసులవద్ద తుంగభద్రనుండి బయలుదేరి కర్నూలునుండి కడపవరకు పొలములకు నీరందించు కె.సి. కాలువను మీరెఱుగుదురు. ఈ జాలమును కణములో నట్లే సరకులను ఒకచోటినుండి మఱియొకచోటికి చేర్చును. ఆ సరకులకు తుదిమెఱుగు దిద్ది, మూట కట్టి, విలాసము వ్రాసి పంపు అంచెకచేరి గాల్జీ సంక్లిష్టము. దానిని 1898లో ఇటలీ దేశీయుడగు కెమిల్లో గాల్జీ వర్ణించెను. అరిగిన భాగములను, లోనికి వచ్చిన క్రిములను జీర్ణింపజేయునవి లైసోజోములు. వీనిలో తీవ్రమైన జీర్ణరసములు కలవు. సంచిలో నున్నంతసేపు అవి ఇంటిని శుభ్రపఱచును. సంచి చినిగెనా, ఇంటినే తినివేయును. మొక్కలలో ఈ పనిని చాలవరకు రిక్తికయే చేయును.

ఇన్ని పనులు జరుగుటకు శక్తి కావలెను. ఆ శక్తిని సమకూర్చు పొయ్యి మైటోకాండ్రియా. మనము తిన్న జొన్నసంగటియైనను, మొక్క వండుకొన్న చక్కెరయైనను, తుదకు ఈ పొయ్యిలోనే ప్రాణవాయువుతో కలిసి మెల్లగా దహింపబడును. ఆ దహనమువలన వచ్చిన శక్తి అడినోసిన్ ట్రైఫాస్ఫేటు అను పదార్థమున నిలువయగును. దీనినే సంక్షేపముగా ఏ.టి.పి. యందురు. సంతలో రూపాయి చెల్లినట్లు, కణములో ఏ పనికైనను ఈ నాణెమే చెల్లును. కండ కదలినను, నరము పలికినను, ఉప్పును పొరగుండ వెలుపలికి నెట్టవలసివచ్చినను ఇదియే వ్యయమగును.

ఈ నాణెమును లోకమునకు తెలియజేసినవారిలో ఒకరు మన తెలుగువాడు. ఆయన యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895లో భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమార్లు తప్పి, మూడవసారి గెలిచిరి. మద్రాసు వైద్యకళాశాలలో చదువుచు, గాంధీమహాత్ముని పిలుపు విని ఖద్దరు ధరించినందున ఆచార్యుని ఆగ్రహమునకు గుఱియైరి. తుదకు పై పట్టము దక్కక, తక్కువ పట్టముతో వెలుపలికి రావలసివచ్చెను. స్ప్రూ అను జీర్ణవ్యాధి ఆయన సోదరుని బలిగొనెను. ఆ గాయ మాయన మనసున మానలేదు. 1920 దశకపు తొలి యేండ్లలో అమెరికా చేరి, ఆసుపత్రిలో చిన్న కొలువు చేయుచు, బోస్టను నగరమున హార్వర్డు విశ్వవిద్యాలయమున పరిశోధన సాగించిరి. సైరస్ ఫిస్కే అను ఆచార్యునితో కలిసి, రక్తమున ఫాస్ఫరసును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. 1927లో కండరములలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని కనుగొన్నట్లు వెల్లడించిరి. అదే యేట జర్మనీలో కార్లు లోమాను వేరుగా దీనిని కనుగొనెను. కండరముల శక్తికి లాక్టిక్ ఆమ్లమే మూలమను అంతవరకటి తలంపు దీనితో సడలిపోయెను.

సుబ్బారావుగారి పని పొయ్యితో నాగలేదు. 1940లో ఆయన లెడర్లే అను ఔషధసంస్థలో చేరిరి. 1945లో ఆయన నడపిన పరిశోధకబృందము ఫోలిక్ ఆమ్లమును ప్రయోగశాలలో నిర్మించెను. కణము రెండుగా చీలునపుడు కేంద్రకములోని డి.ఎన్.ఏ.కు నకలు సిద్ధము కావలెను. ఆ నకలునకు ఫోలిక్ ఆమ్లము లేక జరుగదు. అది కొఱవడినచో క్రొత్త రక్తకణములు సరిగా ఏర్పడవు, మనిషి పాలిపోవును. సోదరుని బలిగొన్న స్ప్రూ వ్యాధికిని ఈ ఆమ్లమే మందుగా తేలినది. సోదరుని ప్రాణమును నిలుపుటకు ఆలస్యమైనను, ఇతరుల సోదరులకు ఆలస్యము కాలేదు. పాఠశాలలో వారమున కొకసారి మీ చేతిలో పెట్టు నీలిరంగు మాత్రలో ఇనుముతోపాటు ఉన్నది ఈ ఫోలిక్ ఆమ్లమే. దానిని కిటికీలోనుండి పాఱవేయు బాలుడు ఆ మాత్రవెనుక ఎన్ని యేండ్ల తపస్సున్నదో ఎఱుగడు.

ఇంకొక వింత వినుడు. ఫోలిక్ ఆమ్లము లేనిదే కణము చీలదుగదా! రక్తపు క్యాన్సరులో తెల్లకణములు అదుపు లేక చీలుచుండును. వానికి ఫోలిక్ ఆమ్లము పనిచేయకుండ చేసినచో ఎట్లుండును? సుబ్బారావుగారి బృందము అట్టి విరోధి పదార్థముగా అమినాప్టెరినును నిర్మించెను. సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు దానిని బోస్టనులో వ్యాధిగ్రస్తులగు పసిపిల్లల కిచ్చి, కొందఱిలో వ్యాధి తాత్కాలికముగా శమించినదని 1948లో ప్రకటించెను. అంతవరకు ఆ పిల్లలకు ఆశ యన్నదే లేదు. దానికి దగ్గఱి చుట్టమగు మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది. ఆ 1948వ సంవత్సరమందే, లెడర్లేలో డగ్గరు అను వృద్ధశాస్త్రవేత్త మట్టిలోని సూక్ష్మజీవినుండి తీసిన ఆరియోమైసిను అను మందును లోకమునకు వెల్లడించెను. క్రిములలోని రైబోజోములను పట్టి వాని పనిని ఆపుటయే ఈ మందు చేయు పని. మన కణములలోని రైబోజోములు వేఱు తీరువి కావున మనకు హాని స్వల్పము. పొయ్యి, పెద్ద, పనివారు: మైటోకాండ్రియా, కేంద్రకము, రైబోజోములు. కణములోని ఈ మూడు తావులకును సుబ్బారావుగారి పేరునకును సంబంధ మేర్పడినది. ఆ యేటి ఆగస్టులోనే ఆయన న్యూయార్కున నిద్రలో కన్నుమూసిరి. అప్పటి కాయన వయసు 53 సంవత్సరములు.

ఇక మనము మొదలుపెట్టిన చోటికే వత్తము. కత్తి పడిన ఎర్రగడ్డ మనల నేల ఏడ్పించును? దాని కణద్రవ్యమున గంధకముతో కూడిన కొన్ని పదార్థములు కలవు. వానిని మార్చగల అల్లినేజు అను ఎంజైము రిక్తికలో వేఱుగా నున్నది. ఈ రెంటి నడుమ నొక పలుచని పొర యున్నంతకాలము రెండును చెలిమితో నుండును. కత్తి ఆ పొరను కోసినంతనే రెండును కలియును. వెంటవెంట జరుగు మార్పులవలన ఒక ఘాటైన వాయువు పుట్టి కంటి కెగయును. గడ్డకు ఇది ఆత్మరక్షణము. కొఱికిన పురుగు మఱల కొఱకదు.

బుడ్డచెట్టు లేవకపోవుటకును, ఎర్రగడ్డ ఏడ్పించుటకును కారణ మొక్కటే. పొర నిలిచినంతవరకే లోపలి పొందిక నిలుచును. కణములో ప్రాణ మెచ్చట నున్నదని అడిగినచో కేంద్రకమునందని గాని, మైటోకాండ్రియాయందని గాని వ్రేలితో చూపజాలము. విడదీసిన ఏ భాగమును తానై చిరకాలము బ్రతుకదు. ఏది యెచ్చట నుండవలెనో అచ్చట నుండి, దేని పనిని అది చేయుచు, తక్కినవాని కందించుచున్నపుడు ఆ కలయికకే జీవమని పేరు. మన దేహమున 30 లక్షల కోట్లకు పైగా నున్న కణము లన్నిటను ఈ సంసారమే నిమిషము విరామము లేక సాగుచున్నది.

ఆ రైతుబిడ్డ ఆనాడు సూక్ష్మదర్శినిని వదలక చాలసేపు చూచుచుండెను. ఉప్పునీటికి కణము ముడుచుకొనుటయు, మంచినీటికి మరల విచ్చుకొనుటయు చూచి, "అయ్యవారూ! గడువులోపల అందిన ఒక్క బొట్టు చాలునన్నమాట!" అనెను. శాస్త్రజ్ఞానమునకును అట్టి గడువే కలదు. చేను ఎండకముందే, వ్యాధి ముదురకముందే, అది అందవలసినవారికి అందవలెను. దాని నందించుటకై మీరు చదువుచున్నారు.

ప్రశ్నలు

1. వాడిన వేరుసెనగ చెట్టు సాయంకాలమున తేరుకొనుటకును, కొన్ని దినములకు తేరుకొనకపోవుటకును కారణము లేమి?
2. వేరుసెనగ ఊడలు దిగు వేళ జిప్సము వేయుటవలన ప్రయోజన మేమి?
3. కణములోని యే భాగములతో యల్లాప్రగడ సుబ్బారావుగారి కృషికి సంబంధము కలదు? వివరింపుడు.
4. ఎర్రగడ్డ పొరను సూక్ష్మదర్శినితో చూచి, మీరు గుర్తించిన భాగములతో పటము గీయుడు. ఉప్పునీరు వేసిన పిదప కలిగిన మార్పును ప్రక్కన మఱియొక పటమున చూపుడు.